తడి కాగితముపై పాతగోడ

వాన వెలిసిన మరునాటి ఉదయమున పాత సున్నపుగోడను ఎప్పుడైనను దగ్గర నిలిచి చూచితిరా? పైపూత పెచ్చులూడి లోపలి ఇటుక ఎఱ్ఱగా తొంగిచూచుచుండును. ఇటుకల సందులలో పాచి పచ్చగా పట్టియుండును. చూరునుండి జారిన నీరు గోడమీద నల్లని చారలు దిద్దియుండును. ఆ గోడను చేతితో తాకనక్కఱలేదు. చూచినంతనే ఎక్కడ గరుకో, ఎక్కడ నునుపో, ఎక్కడ వ్రేలు పెట్టినచో పొడి రాలునో మనకు తెలిసిపోవును. కంటికి ఈ స్పర్శజ్ఞానము ఎట్లు కలిగినది? నీరును, రంగుపొడియును, కాగితమును మాత్రమే చేతనున్న చిత్రకారుడు చూచువారికి ఆ జ్ఞానమును మరల ఎట్లు కలిగింపగలడు? నేటి ప్రసంగమునకు ఇదియే విషయము.

రేడియోలో బొమ్మ చూపుటకు వీలులేదు. మాట ప్రయాణము చేయునుగాని రంగు చేయదు. కావున మీ ఇంటనున్న వస్తువులనే బొమ్మలుగా చేసికొని చెప్పెదము. ఒక టార్చి దీపము, కాఫీ గిన్నె, కొంచెము నీరు ఉన్నచో చాలును.

వస్తువు పైభాగము తీరును ఆంగ్లమున టెక్స్చర్ అందురు. తెలుగున దానికి సరిపడు ఒక్కమాట దొరకుట కష్టముగా నున్నది. కాని ఆ తీరులలో ఒక్కొక్కదానికి పేరు పెట్టుటలో మన భాష పిసినారి కాదు. గరుకు, బరక, నునుపు, జిగి, నూగు, పొలుసు, పెళుసు, మెత్తన: ఈ మాటలు వినినంతనే వ్రేళ్లకొనలు పలుకును. వీనినన్నిటిని కలిపి చెప్పవలసినపుడు మేము 'మేనితీరు' అను మాటను వాడుకొనుచున్నాము. ఇంతకంటె మంచిమాట ఎవరైన చెప్పినచో సంతోషముతో స్వీకరింతుము.

ఈ విషయమున మాకు పట్టుదల కలుగుటకు ఒక గోడయే కారణము. గోదావరి డెల్టాలో మా పెద్దలనాటి పెంకుటిల్లు ఒకటి యుండెడిది. వాటాలు పంచుకొన్న పిదప దానిని పడగొట్టుటకు నిశ్చయమైనది. పెరటివైపు గోడయు, దాని ప్రక్కనున్న నూయియు మా పెద్దమ్మకు ప్రాణములు. కాపురమునకు వచ్చిన నాటినుండి ఆమె తోడిన నీరు ఆ నూతిదే. నూతి రాతి ఒరమీద చేంతాడు ఒరసి ఒరసి లోతైన గాళ్లు పడియుండెను. పిల్లలు ఫొటోలు తీసిరి. ఆమె వానిని చూచి, బాగున్నవని ప్రక్కన పెట్టి, "నువ్వు బొమ్మలు వేస్తావుగా, నువ్వు వేసిపెట్టరా" అని మమ్ము అడిగెను. పనివారు వచ్చుటకు పదునొకండు దినములు మాత్రమే గడువుండెను.

మొదటి యత్నమునకు ఆరు దినములు పట్టినది. ప్రతి ఇటుకను పెన్సిలుతో గీసికొంటిమి. ఒక్కొక్క ఇటుకకు రంగు వేసి, సన్నకుంచెతో అంచులు దిద్ది, దానిపై గరుకు తెలియుటకై చుక్కలు పెట్టితిమి. పాచిని సైతము చుక్కచుక్కగా పోగుచేసితిమి. ఏడవనాడు పెద్దమ్మకు చూపగా ఆమె కళ్లజోడు సవరించుకొని చాలసేపు చూచి, "ఇటుకలు బాగా లెక్కపెట్టావురా అబ్బాయీ" అనెను. ఆ మాటలో నింద లేదు. మెప్పును లేదు. ఇటుకలన్నియు ఆ కాగితముమీద ఉన్నవి, గోడ మాత్రము లేదు. మిగిలిన గడువు నాలుగు దినములు.

ఆ రాత్రి ఊరిలో కరెంటు పోయినది. టార్చి పట్టుకొని పెరటిలోనికి పోయినపుడు మా తప్పు మాకు కనబడినది. మీరును ఈ పరీక్షను చేసి చూడుడు. గదిలో దీపము ఆర్పి, సున్నము వేసిన గోడకు ఎదురుగా నిలిచి టార్చి వేయుడు. గోడ చదునైన కాగితమువలె కనబడును. ఇపుడు గోడ ప్రక్కకు జరిగి, వెలుతురు గోడను రాచుకొనుచు పోవునట్లు టార్చిని అడ్డముగా పట్టుడు. ఒక్కసారిగా గోడనిండ కొండలును లోయలును మొలచును. మేస్త్రీ తాపీ తిప్పిన గుర్తులు, పైపూతలో చిక్కిన వెండ్రుక, మేకు దిగగొట్టినపుడు ఉబ్బిన చోటు, అన్నియు బయటపడును. గోడ మారలేదు. వెలుతురు వచ్చు దిక్కు మారినది.

కారణము సులభమైనదే. ఎదురు వెలుతురులో ప్రతి గరుకు తన నీడను తన వెనుకనే దాచుకొనును. ప్రక్క వెలుతురులో ఆ నీడ ప్రక్కకు సాగి కంటికి దొరకును. చిత్రకారునికి దీనినుండి తెలియు సంగతి ముఖ్యమైనది. నిండు వెలుగు పడిన చోట మేనితీరు వెలుగులో కరగిపోవును. చిక్కని నీడలో దానిని చూపుటకు వెలుతురు చాలదు. వెలుగు నీడగా మారు పొలిమేరలోనే గరుకుదనము స్పష్టముగా పలుకును. మట్టికుండను కిటికీప్రక్కన ఉంచి చూడుడు. కిటికీవైపు భాగమున కుండ నునుపుగా తోచును. అవతలివైపు నల్లని ముద్దగా ఉండును. నడుమ నిలువుగా సాగు పట్టీలో మాత్రము మట్టిలోని ఇసుక, సారెమీద కుమ్మరి వ్రేలు తిరిగిన జాడలు కనబడును. ఆ పట్టీని సరిగా చిత్రించినచో, మిగిలిన కుండనంతటిని చూచువాడే గరుకుగా ఊహించుకొనును. మేము గోడనంతటిని సమానముగా గరుకుచేసి, చూచువానికి ఊహించుటకు ఏమియు మిగుల్చలేదు.

ఇక నీటిరంగు సంగతి. మెత్తగా నూరిన రంగుపొడిని తుమ్మజాతి చెట్ల జిగురుతో కలిపి నీటిలో పలుచన చేసినచో అదియే నీటిరంగు. నూనెరంగులతో పనిచేయువాడు రంగును ముద్దగా పూసి గరుకును నిజముగానే కట్టగలడు. చేతితో తడిమినచో తగులును. నీటిరంగునకు ఆ మందము లేదు. నీరు ఆరిపోగా కాగితముపై మిగులునది పలుచని పొడిపొర మాత్రమే. తెలుపు అనునది పెట్టెలోనుండి కాక కాగితమునుండియే రావలెను. కావున మెఱుపు ఉండవలసిన చోటును ముందుగానే వదలవలెను. చెరిపి మరల పెట్టుటకు ఇది ముగ్గు కాదు. ఈ నిర్బంధము వలననే చాలమంది మొదటి నెలలోనే కుంచె క్రిందపెట్టుదురు. కాని నీటిరంగునకు మరి యే రంగునకు లేని సహాయకులు ఇద్దరు కలరు: కాగితపు గరుకు, నీటి నడక.

కాగితము మాట ముందు చెప్పెదము, ఏలననగా మన ఇండ్లలో పిల్లలకు రంగులపెట్టె ఖరీదైనది కొనిపెట్టి కాగితము దగ్గర పొదుపు చేయుట చూచుచున్నాము. ఇది తలక్రిందులైన పొదుపు. నోటుపుస్తకపు కాగితముమీద ఎంతటి రంగైనను మురికిగానే ఆరును. మంచి నీటిరంగుల కాగితమును ప్రత్తితో చేయుదురు. నీరు వెంటనే ఇంకిపోకుండుటకు దానికి జెలటిన్ వంటి జిగురు పట్టింతురు. చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుగల కాగితము తడికి అంతగా ముడుతలు పడదు. అంతకంటె పలుచనిదానిని తడిపి, చెక్కపలకపై జిగురుపట్టీలతో బిగించి ఆరనిచ్చి వాడవలెను. నునుపు, నడిమి, గరుకు అని మూడు విధముల కాగితములు దొరకును. గోడలు, రాళ్లు, చెట్లమానులు వేయదలచినవారికి గరుకు కాగితమే సగము పని చేసిపెట్టును. మన కోస్తాలో ఒక్క జాగ్రత్త అవసరము. ఈ కాగితమును వర్షకాలమున చెమ్మగోడ ప్రక్కన ఉంచరాదు. జిగురు చెడి బూజుపట్టినచో, రంగు వేసినపుడు అక్కడక్కడ మచ్చలుగా ఇంకిపోవును. అది ఏ మేనితీరును కాదు, మన అశ్రద్ధ తీరు.

గరుకు కాగితముపై కుంచెను కొంచెము పొడిగా, పక్కవాటుగా పట్టి త్వరగా లాగినచో రంగు మిట్టలకు మాత్రము అంటి పల్లములను విడిచిపెట్టును. ఆ పల్లములు తెల్లగా మెఱయును. దీనిని పొడికుంచె పని అందురు. తాడిచెట్టు మాను, ఎండిన సున్నపుపూత, ఎండలో మెఱయు చెరువునీరు ఈ ఒక్క లాగుడుతో తెలియును. కుంచె నిదానించినచో రంగు పల్లములలోనికి దిగి అంతయు పాడగును. తడి ఎక్కువైనను అంతే. ప్రక్కన చిత్తుకాగితము పెట్టుకొని ముందు దానిపై లాగి చూచుట మంచిది.

తడిపూతలో ఇందుకు సరిగా వ్యతిరేకము జరుగును. కొన్ని రంగుల రేణువులు బరువుగానో ముతకగానో ఉండును, లేదా ఒకదానికొకటి అంటుకొని గుంపులు కట్టును. అల్ట్రామెరైన్ నీలము, బర్న్ట్ అంబర్ అట్టివి. పూత తడిగా ఉన్నంతసేపు ఆ రేణువులు తిరుగుచు, తుదకు కాగితపు పల్లములలో చేరి నిలిచిపోవును. ఆరిన తరువాత చూచినచో సన్నని ఇసుక చల్లినట్లుండును. నీలమును బర్న్ట్ సియెన్నాతో కలిపిన బూడిదరంగులో ఇది మరింత అందముగా జరుగును. నీలము ఒకచోటను, ఇటుకవన్నె ఒకచోటను విడివిడిగా నిలిచి, ఒకే బూడిదరంగు లోపల ప్రాణము కదలును. పాత సున్నమును, నల్లరాతిని, వానమబ్బును చిత్రించుటకు ఇంతకంటె మంచి మిశ్రమము మాకు దొరకలేదు. మరికొన్ని రంగులు, ముఖ్యముగా ఇరువదవ శతాబ్దమున వచ్చిన థాలో నీలము, థాలో ఆకుపచ్చ, మిక్కిలి సన్నని రేణువులు కలవి. అవి కాగితపు నారలలోనికి దూరి చదునుగా పట్టుకొనును. పట్టుచీరకు, గాజునకు అవి తగును. గోడకు తగవు.

ఇపుడు కాఫీ గిన్నె సంగతి. బల్లపై ఒలికిన కాఫీబొట్టు ఆరిన తరువాత నడుమ పలుచగాను, అంచున ముదురు వలయముగాను మిగులును. ఇల్లాండ్రందరు తుడిచిపారవేయు ఈ మరక వెనుకనున్న కారణమును 1997లో చికాగో విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు వివరించిరి. బొట్టు అంచు బల్లకు అంటుకొని కదలదు. అంచున నీరు త్వరగా ఆవిరియగును. ఆ లోటును పూడ్చుటకు నడుమనున్న నీరు అంచునకు ప్రవహించుచు, తనతో రేణువులను మోసికొనిపోవును. అందుచే వలయము ఏర్పడును. నీటిరంగు పూత అంచున కనబడు ముదురుగీత కూడ ఇదియే. చిత్రకారులు శాస్త్రము తెలియకయే శతాబ్దములుగా ఈ గీతను వాడుకొనిరి. ఊడిన పెచ్చు అంచునకు, చింతాకు అంచునకు గీత గీయనక్కఱలేదు. తడిని సరియైన హద్దువఱకు నడిపించి వదలినచో నీరే గీయును.

దీనికి తోబుట్టువు మరియొకటి కలదు. పూత సగము ఆరి, తళతళ తగ్గి, ఇంక చెమ్మగా ఉన్న సమయమున దానిపై ఒక మంచినీటిబొట్టు విడిచినచో, ఆ నీరు రేణువులను వెలుపలికి నెట్టుకొనిపోయి కాలీఫ్లవరు పువ్వువంటి అంచుగల మచ్చను చేయును. ఆకాశము వేయునపుడు ఇది శత్రువు. పాతగోడ వేయునపుడు ఇంతటి మిత్రుడు లేడు. చెమ్మ ఊరిన మరక, రాతిమీద పట్టిన బూజు, పాచి మొదలైనవి నిజముగా ఎట్లు పుట్టినవో, నీరు వచ్చి, తిరిగి, ఆరి, అట్లే కాగితముమీదను పుట్టును. గోడమీద వాన ముప్పది యేండ్లలో చేసిన పనిని కాగితముమీద అదే నీరు ముప్పది నిమిషములలో చేయును. మేము మొదట చుక్కలు పెట్టి సాధింపజూచినది దీనినే.

పూర్వులు ఈ విద్యలో రెండు త్రోవలు త్రొక్కిరి. జర్మనీ దేశపు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1502లో ఒక కుందేలును నీటిరంగులతో చిత్రించెను. అది నేడు వియెన్నా నగరమున ఆల్బర్టీనా చిత్రశాలలో ఉన్నది. జానెడు మించి కొంచెము పొడవుగల ఆ కాగితముపై కుందేలు ముడుచుకొని కూర్చుండును. ముందుగా లేత గోధుమవన్నె పూత వేసి, దానిపై ముదురు, లేత వెండ్రుకలను సన్నకుంచెతో దిద్ది, తుదకు దట్టమైన తెలుపుతో మెఱుపు వెండ్రుకలను తీసెను. లెక్కపెట్టిన పని వలె తోచును. కాని పరిశీలించినచో చెవుల దగ్గర రోమములు పొట్టిగా అణగియుండును. రొమ్మున గుబురుగా ఉండును. వీపున ఒరుగు దిక్కు మారును. ఆ దిక్కులవలననే చర్మము క్రింద ఎముకయు కండయు కలవని తెలియును. కంటిలో కిటికీ ప్రతిబింబము కూడ కలదు. డ్యూరర్ వేసిన నీలిరెక్క మరియొకటి కలదు. అది ఐరోపా ఖండపు పాలపిట్టది. దసరానాడు మనము వెదకి చూచు పాలపిట్టకు దాయాది. ఈకల నీలములలోని మార్పులు అందు ఎంత మెలకువగా పట్టబడినవో మనవారు ఎవరికంటెను బాగుగా ఎఱుగుదురు.

ఇట్టి చిత్రములకు వెలుతురే విరోధి. కుందేలు మూలచిత్రమును వియెన్నాలో ఎప్పుడో గాని బయట పెట్టరు, ప్రతినే చూపుదురు. మన ఇండ్లలో మాత్రము నీటిరంగుల బొమ్మకు అద్దము కట్టించి, ఎండ సూటిగా పడు హాలు గోడకు తగిలింతుము. నాలుగు వేసవులు గడచిన పిదప రంగు వెలిసినదని దుకాణదారును నిందింతుము.

రెండవ త్రోవ ఆంగ్ల చిత్రకారుడైన టర్నరుది. 1818లో యార్క్‌షైరులోని ఫార్న్‌లీ హాలున అతిథిగా ఉండగా, యుద్ధనౌక ఎంత పెద్దదియో తెలియునట్లు ఒక చిత్రము వేయుమని గృహస్థు అడిగెనట. గృహస్థుని కుమారుడు ప్రక్కన కూర్చుండి చూచినది చూచినట్లు తరువాత చెప్పినాడు. టర్నరు మొదట కాగితము నానిపోవునంతగా తడిరంగు పోసి, పిదప గోకి, రుద్ది, గీకి ఉన్మాదివలె పనిచేసెను. మొదట అంతయు గందరగోళముగానే యుండెను. క్రమముగా ఓడ తన చిన్న చిన్న వివరములతో బయటపడినది. ఉదయపు ఫలాహారము తరువాత మొదలుపెట్టినది మధ్యాహ్న భోజనమునకు ముగిసినది. ఆ చిత్రము నేడు ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్ నగరమున ఉన్నది. సముద్రపు అలలలో ఒక్క అలయు లెక్కపెట్టబడలేదు. కాని నీటి బరువు తెలియును.

ఈ రెంటిలో ఏది మేలని అడిగినచో, కుందేలుకు డ్యూరర్ త్రోవయు, గోడకు టర్నరు త్రోవయు మేలని చెప్పుదుము. వెండ్రుకకు ఒక దిక్కు కలదు, ఒక ఆరంభమును అంతమును కలవు. దానిని గీయవచ్చును. గోడ గరుకునకు అట్టి క్రమము లేదు. అది యాదృచ్ఛికముగా కలిగినది. యాదృచ్ఛికమైన దానిని చేయి బుద్ధిపూర్వకముగా చుక్కలు పెట్టి అనుకరింపబోయినచో, తెలియకయే చుక్కలు వరుసలు కట్టును. పిల్లలచేత కాగితముపై చెల్లాచెదరుగా ఇరువది చుక్కలు పెట్టించి చూడుడు. ఇంచుమించుగా సమదూరమున పెట్టుదురు. చేయి క్రమమును వదలలేదు. నీరు వదలును.

మన దేశమున నీటిరంగులకు వేరొక సంప్రదాయము కూడ కలదు. అవనీంద్రనాథ టాగూరు జపాను చిత్రకారుల పద్ధతిని చూచి, పూత పూసి కాగితమును నీటిలో ముంచి, ఆరనిచ్చి, మరల పూయు వాష్ పద్ధతిని వంగదేశమున ప్రచారములోనికి తెచ్చెను. ప్రమోదకుమార చటర్జీ బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో బోధించుటతో వంగచిత్రకళాసంప్రదాయము తెలుగునాటను పాదుకొనెను. సంధ్యాకాంతి, పలుచని మేలిముసుగు, మంచు, ఇట్టివానికి వాష్ పద్ధతి సాటిలేనిది. పెచ్చులూడిన గోడను ఆ పద్ధతిలో వేసినచో గోడయు కలగనుచున్నట్లుండును. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు (1897-1925) స్మారక చిత్రశాల కలదు. నీటిరంగులు, నూనెరంగులు రెండింటను పనిచేసిన ఆ చిత్రకారుని మూలచిత్రములు అచట ఉన్నవి. అచ్చుబొమ్మలో రంగు తెలియవచ్చునుగాని కాగితపు మేను తెలియదు. రాజమండ్రి మీదుగా పోవువారు ఒక పూట దిగి, మూలచిత్రముల ఎదుట ప్రక్కవాటుగా నిలిచి చూచినచో మా మాట బోధపడును.

కొన్ని చిట్కాలు వాడుకలో కలవు. తడిపూతపై ఉప్పుకల్లు చల్లినచో ఒక్కొక్క కల్లు తన చుట్టునున్న తడిని పీల్చి నక్షత్రమువంటి తెల్లమచ్చను చేయును. కాని శ్రావణమాసపు తేమలో ఉప్పే నీరు కారుచుండును, కావున అప్పుడు ఈ చిట్కా పనిచేయదు. రెంటచింతల ఎండలోనైతే ఉప్పు తెచ్చులోపలనే పూత ఆరిపోవును. కొవ్వొత్తితో కాగితముపై రుద్ది రంగు వేసినచో మైనమంటిన చోట రంగు పట్టదు, రాతిపలకలకు బాగుండును. పాత పళ్లబ్రష్షును రంగులో ముంచి బొటనవ్రేలితో మీటినచో ఇసుకనేల వచ్చును. ఇవన్నియు కూరలో ఇంగువవంటివి. మేము ఒక చిత్రమున రెండవ చిట్కా కనబడినచో చిత్రమును మాని చిట్కాలనే చూచుచుందుము. చూచువారికిని అంతే కావచ్చును.

గీకుట మాత్రము చిట్కా కాదు, విద్య. పూత బాగుగా తడిగా ఉన్నపుడు కుంచెకాడ కొనతో గీచినచో, ఆ గాడిలోనికి రంగు చేరి నల్లని గీత పడును. అదే పూత కొంచెము ఆరి తళుకు పోయినపుడు గోటితో ఒత్తి గీచినచో, రంగు ప్రక్కకు తొలగి తెల్లని గీత పడును. పూర్తిగా ఆరిన పిదప బ్లేడు కొనతో మెల్లగా గీకినచో కాగితపు తెలుపు మిలమిల మెఱయును. చేయి ఒక్కటే, కాగితము ఒక్కటే. వేళ మాత్రము వేరు. ఆ వేళను గ్రంథములో చదివి తెలిసికొనుట కష్టము. కాగితమును కంటిమట్టమునకు ఎత్తి, ఏటవాలుగా వెలుతురునకు పట్టి, తళుకు ఎంతవఱకు పోయినదో చూచుచుండవలెను. అట్టి కాగితములు ఇరువదియో ముప్పదియో పాడుచేసిన పిమ్మట కంటికి అలవాటగును.

నునుపు కూడ ఒక మేనితీరేయని మరువరాదు. ఇత్తడిబిందె నునుపును చూపుటకు మెత్తగా కలిపిన పూతలు పనికిరావు. తోమిన బిందెలో కిటికీ వెలుగు గట్టి అంచుతో తెల్లగా తెగియుండును. దాని ప్రక్కనే ఎదుటివస్తువు నీడ నల్లగా ఉండును. ఆ తెలుపునకును నలుపునకును నడుమ మెట్లు లేవు. మట్టికుండలో మెట్లన్నియు ఉండును. గొంగళికి మేను కంటె అంచు ముఖ్యము. అంచును తడిలో కొంచెము చెదరనిచ్చినచో లోపల ఏమియు వేయకున్నను ఉన్ని అని తెలియును. నేతచీర మడతయైతే అంచు కత్తితో కోసినట్లుండవలెను.

ఇక మా గోడ. అది తూర్పుముఖము కాదు, దక్షిణముఖము. కావున ఉదయము ఏడు గంటల వేళ ఎండ దానిని ప్రక్కనుండి రాచుకొనుచు పోయెడిది. ఆ గంటసేపే గోడ మాటలాడును. ఎనిమిది దాటినచో గరుకు సన్నగిల్లును. మూడు ఉదయములు ఆ గంటలోనే పనిచేసితిమి. మొదటినాడు పెన్సిలును ముట్టక, పెద్దకుంచెతో గోడనంతటిని లేత పసుపుమట్టివన్నెతో తడిపి, ఎండ పడిన చోట్లను పొడి కాగితముగానే వదలితిమి. అది ఆరిన పిదప నీలము, సియెన్నా కలిపిన బూడిదరంగును చూరుక్రింద నుండి జారవిడిచితిమి. పలకను నిలువుగా ఎత్తి పట్టుకొనగా వాననీరు జారిన త్రోవలోనే రంగు జారినది. రెండవనాడు ఇటుకల ఎఱుపును విడివిడిగా కాక ఒకే తడిమచ్చగా వేసి, ఆరకముందే అక్కడక్కడ మంచినీరు తాకించితిమి. పాచి దానంతట అదియే పూచినది. ఎండకును నీడకును పొలిమేరనున్న తొమ్మిది ఇటుకలకు మాత్రము అంచులు దిద్దితిమి. మిగిలినవి కాగితమున లేవు.

మూడవనాడు నూతి ఒర పని. ముందు పొడికుంచెతో రాతి గరుకు లాగితిమి. గాళ్ల లోపల నీడను తడిగా నింపి, తాడు నున్నచేసిన అంచులమీద బ్లేడుతో ఒక్కొక్క గీత గీకితిమి. మూడు గాళ్లకు మూడు గీతలు. చేయి వణకినది, ఏలననగా కాగితమును అదియొక్కటే, దినములును అయిపోయినవి.

ఆ సాయంకాలము పెద్దమ్మ దానిని ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. ఇటుకల మాట ఎత్తలేదు. వ్రేలితో గాడివఱకు వచ్చి, "ఈ నడిమిది మీ తాతగారి తాడుది. ఆయన ఎడంచేతి వాటంగా తోడేవారు, అందుకే ఒంపు తిరిగింది" అనెను. మేము ఆ ఒంపును చూచి వేసితిమిగాని దాని కారణము ఎఱుగము. పిదప ఆమె వ్రేలు గోడ మొదటనున్న పాచి మీదికి పోయి చటుక్కున వెనుకకు వచ్చినది.

"ఇక్కడింకా తడిగా ఉందిరా. ఆరనియ్యి, అద్దం తరవాత కట్టిద్దాం."

ఆ కాగితము ఆరి అప్పటికి రెండు గంటలైనది.